మాలగా పీపాలు... సుద్దముక్క లెక్కలు!

మన సినిమాల్లో సారా కొట్టు సెట్టు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఎర్ర బల్బు ఒకటి. గళ్ళ లుంగీలు నాలుగు. గోడవారగా రెండు పీపాలు. ఆ పీపాలు లోపల ఖాళీ అన్న సంగతి హీరో తన్నగానే బయటపడిపోతుంది. గాలిలో తేలుతూ వెళ్ళి విలన్ మనుషుల మీద పడతాయి కదా మరి!

అలాంటి పీపాలు చూసి పెరిగిన కళ్ళకి అసలు సిసలు పీపాలు కనబడితే ఎలా ఉంటుంది? అదీ ఒకటీ రెండూ కాదు... గది ఈ చివర నుంచి ఆ చివరదాకా వరసగా, నల్లగా నిగనిగలాడుతూ, ఒక్కోదాని మీద ఒక్కో పేరుతో!

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. పక్కనున్న గుంటూరు కుర్రాడు నా మొహం చూసి నవ్వాడు.

"సెట్టు కాదన్నా. అన్నీ నిండుగానే ఉంటాయి. లోపలికి రా."

ఊరు మాలగా. దేశం స్పెయిన్. కొట్టు పేరు 'అంతిగ్వా కాసా దె గ్వార్దియా'. గ్వార్దియా గారి పాత కొట్టు అని అర్థం చెప్పుకోవచ్చు. పెట్టింది 1840లో. అంటే మన దేశంలో మొదటి రైలు కూత వినబడటానికి పదమూడేళ్ళు ముందన్నమాట! ఆ కొట్టులోకి నేనెలా వెళ్ళానో, వెళ్ళి ఏం చేశానో, వచ్చాక మా అమ్మకి ఏం లెక్క చెప్పుకున్నానో... వరసగా చెబుతాను.

బహుమతి కూడా మల్లెపూవే!

2024 మార్చిలో మాలగా ఫిలిం ఫెస్టివల్ చూడటానికి వెళ్ళాను. 1998లో మొదలైన ఈ పండగ స్పానిష్ భాషా చిత్రాలకి పెద్ద వేదిక. ఊరి మధ్యనున్న లారియోస్ వీధిలో ఎర్ర తివాచీ పరుస్తారు. అసలు సందడంతా సెర్వాంతెస్ థియేటర్‌లో. 1870లో కట్టిన హాలది.

అన్నట్టు ఇక్కడ ఇచ్చే బహుమతి పేరేమిటో తెలుసా? 'బిజ్నాగా'. ఎండిన ఒక అడవి మొక్క పుల్లలకి మల్లెమొగ్గలు ఒక్కొక్కటే గుచ్చి బంతిలా తయారుచేస్తారు. దాన్ని బిజ్నాగా అంటారు. సాయంత్రానికి మొగ్గలు విచ్చుకుని గుప్పుమంటాయి. ఆ పూలబంతి రూపాన్నే లోహంలో పోతపోసి ఉత్తమ చిత్రానికి ఇస్తారు. మల్లెపూలంటే మనకే పిచ్చి అనుకుంటాం గానీ, మల్లెపూవుకి ఏకంగా సినిమా అవార్డు హోదా ఇచ్చినవాళ్ళు వీళ్ళు!

సినిమా వాళ్ళ ఊరు కూడానండోయ్. 'ద మాస్క్ ఆఫ్ జోరో'లో కత్తి తిప్పిన ఆంటోనియో బాందెరాస్ పుట్టింది ఇక్కడే, 1960లో. హాలీవుడ్‌లో అంత పేరు తెచ్చుకున్నా సొంత ఊరిని మరిచిపోలేదు. పాత అలమేడా థియేటర్‌ని తీసుకుని బాగుచేయించి 2019లో కొత్త రంగస్థలంగా తెరిపించాడు. అదే ఏడాది 'పెయిన్ అండ్ గ్లోరీ'లో నటనకి కాన్ ఉత్సవంలో ఉత్తమ నటుడయ్యాడు. చిత్రకారుడు పికాసో పుట్టిన ఊరూ ఇదే, 1881లో. ఇంతకంటే ఇంకేం కావాలి ఒక ఊరికి?

ఉదయం ఆట చూసి బయటికొచ్చేసరికి మధ్యాహ్నం కావస్తోంది. తర్వాతి ఆటకి మూడు గంటల వ్యవధి ఉంది. అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న మన గుంటూరు కుర్రాడొకడు రెండ్రోజులుగా పరిచయమయ్యాడు. "అన్నా, నీకో కొట్టు చూపిస్తాను. సినిమాల వాడివి కదా, నీకు నచ్చుతుంది" అంటూ లాక్కుపోయాడు.

లారియోస్ వీధి చివర కుడివైపు తిరిగితే అలమేడా అనే పెద్ద రోడ్డు. దానికి అటూ ఇటూ పేద్ద ఫైకస్ చెట్లు. మన మర్రిచెట్టుకి చుట్టాలే. ఆ నీడలో నాలుగడుగులు వేస్తే వచ్చేస్తుంది కొట్టు.

కొట్టు ముందుకొచ్చాక గానీ అది ఏం కొట్టో నాకు తెలియలేదు. తెలిశాక మొదట అన్న మాట: "తమ్ముడూ, నేను తాగను."

"తాగకన్నా. చూడు."

కుర్చీలు లేవు... నిలబడాలి!

లోపల గది సన్నగా, పొడుగ్గా ఉంది. ఒక పక్క నిడుపాటి చెక్క కౌంటరు. కౌంటరు వెనక పీపాలు. గోడల మీద పాత ఫొటోలు. కూర్చుందామంటే కుర్చీ లేదు. అందరూ నిలబడే ఉన్నారు. బజారు సంచీతో ఒక ముసలాయన, మెళ్ళో ఫెస్టివల్ కార్డు వేలాడేసుకున్న ఇద్దరు అమ్మాయిలు, ఎండకి ఎర్రబడ్డ టూరిస్టులు... అంతా భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. ఒక పక్కన ఉడికించిన రొయ్యలూ, ఆల్చిప్పలూ అమ్ముతున్నారు. నెల్లూరు జిల్లా వాణ్ణి నేను. రొయ్య కనబడిందంటే సగం మా ఊళ్ళో ఉన్నట్టే నాకు!

ఎవరైనా పేరు చెప్పగానే కౌంటరు వెనకనున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి ఆ పేరున్న పీపా దగ్గరికి వెళతాడు. కొళాయి తిప్పుతాడు. చిన్న గ్లాసు... మన టీకొట్టు గ్లాసుకంటే చిన్నది... నిండగానే కట్టేస్తాడు. గ్లాసు తెచ్చి మన ముందు పెడతాడు. తర్వాత జేబులోంచో చెవి మీంచో ఒక సుద్దముక్క తీసి, సరిగ్గా మన గ్లాసు ముందు, చెక్క బల్ల మీదే ధర రాస్తాడు.

కాగితం లేదు. పుస్తకం లేదు. మన లెక్క మన కళ్ళ ముందే!

ఇంకో గ్లాసు పుచ్చుకుంటే దాని కింద ఇంకో అంకె. రొయ్యలు తింటే మరో అంకె. వెళ్ళేటప్పుడు ఆయనే కూడి చెబుతాడు. డబ్బులివ్వగానే తడిగుడ్డతో ఒక్క తుడుపు. బల్ల శుభ్రం. మరుక్షణం ఆ చోట ఇంకో మనిషి, ఇంకో గ్లాసు, ఇంకో అంకె.

ఆ సుద్దముక్కని చూస్తూ ఎంతసేపు నిలబడిపోయానో. కుర్రాడికి నా ధోరణి అర్థం కాలేదు. "ఏంటన్నా, లెక్కల మాస్టారు గుర్తొచ్చాడా?" అన్నాడు.

లెక్కల మాస్టారు కాదు. మా అమ్మ గుర్తొచ్చింది. ఆ కథ చెప్పేముందు ఈ తీపి సంగతి తేల్చేద్దాం.

ఎండ వండిన తీపి

పీపాల మీది పేర్లు చదువుకుంటూ పోతే సరదాగా ఉంటుంది. మోస్కతెల్... అది ద్రాక్ష రకం పేరు. పెద్రో హిమెనెస్... మనిషి పేరులా ఉంది కదూ? అదీ ద్రాక్ష రకమే. ఇసబెల్ రెండు... స్పెయిన్ రాణి పేరు. ఆవిడ 1862లో ఈ ఊరొచ్చింది. ఇంకోటి 'లాగ్రిమా'.

"లాగ్రిమా అంటే?" అన్నాను.

"కన్నీటి చుక్క అన్నా."

మరలో పెట్టి పిండకుండా, ద్రాక్ష తన బరువుకి తానే చితికి చుక్క చుక్కగా కార్చిన రసంతో చేస్తారట. అందుకని కన్నీటి చుక్క. సారా కొట్టులో పీపాకి కన్నీరని పేరు పెట్టినవాడెవడో గానీ, మన ఆడవాళ్ళ బాధ తెలిసినవాడై ఉంటాడు అనుకున్నాను.

తీపి కోసం ఇందులో పంచదార కలుపుతారేమో అనుకున్నాను. అదేం లేదు. మాలగా చుట్టూ నిటారు కొండలు. ఊరికి తూర్పున అహర్కియా అనే కొండసీమలో నిలబడటమే కష్టమైన వాలు మీద ద్రాక్ష పెంచుతారు. యంత్రాలు ఎక్కవు. పళ్ళ బుట్టలు మోయడానికి నేటికీ కంచరగాడిదలే దిక్కు. కోసిన గుత్తుల్ని దక్షిణపు ఎండ తగిలే వాలులో ఆరబోస్తారు. రాత్రి మంచు పడకుండా పైన కప్పుతారు. పొద్దున్నే మళ్ళీ తీస్తారు. మన ఇళ్ళల్లో డాబా మీద వడియాలు ఆరబెట్టి, మబ్బు పడితే పరిగెత్తుకెళ్ళి తెచ్చుకుంటామే... అచ్చంగా అంతే!

అలా ఎండలో నీరు ఇగిరిపోయి పండు ముడతలు పడుతుంది. తీపి మాత్రం లోపలే ఉండిపోతుంది. ఆ ఎండిన పండుని పిండితే వచ్చే రసం పాకంలా చిక్కగా ఉంటుంది. రసం పులిసేటప్పుడు ఈస్టు అనే సూక్ష్మజీవి తీపిని తిని సారాయిగా మారుస్తుందని మీరు బళ్ళో చదువుకునే ఉంటారు. ఇంత తీపిని అది పూర్తిగా తినలేదు. కొన్ని రకాల్లో మధ్యలోనే ద్రాక్ష సారాయి పోసి పులియడం ఆపేస్తారు కూడా. ఈస్టు తినగా మిగిలినదే మన నాలిక మీది తీపి.

కొన్నింటికి ఆ నల్లటి రంగెలా వస్తుందంటే, ద్రాక్షరసాన్నే పొయ్యి మీద మరగబెట్టి పాకం పట్టి కలుపుతారు. మన చెరుకురసం బెల్లమైనట్టే. ఆపైన పీపాల్లో ఏళ్ళ తరబడి నిలవ. ఐదేళ్ళు దాటితే దానికి 'త్రాసన్యేహో' అని పెద్దరికపు బిరుదు. కొన్నిచోట్ల అడుగు పీపాలోంచి కొంచెం తీసి, ఆ వెలితిని పై పీపాలోని కుర్రసరుకుతో నింపుతారు. పాతది ఎప్పటికీ పూర్తిగా అయిపోదు. నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడేసుకునే మనకి ఇది వింతేం కాదు.

ఒకప్పుడు ఈ తీపికి దేశదేశాల్లో గిరాకీ. 18వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు దీన్ని 'మౌంటెన్' అని పిలుచుకునేవాళ్ళు. కొండ సరుకు కదా! 19వ శతాబ్దంలో యూరప్ మందుల షాపుల్లో నీరసానికి టానిక్కుగా అమ్మారు. 'మందు' అన్న ముద్దుపేరు మనవాళ్ళు ఊరికే పెట్టలేదన్నమాట!

అలాగని నాలిక మాట నమ్మకండి. తియ్యగా ఉంది కదా అని పానకంలా తాగితే అంతే సంగతులు. మామూలు బీరుకి మూడింతలు బలం దీనిది. సారాయి పాలు పదిహేను శాతానికి పైమాటే. తియ్యగా మాట్లాడే విలన్‌ని మన సినిమాల్లో ఎందరిని చూశాం!

1878... విలన్ ప్రవేశం

విలన్ అంటే గుర్తొచ్చింది. ఈ కథలో అసలు విలన్ కంటికి కనబడనంత చిన్నవాడు. పేరు ఫిల్లోక్సెరా. అమెరికా నుంచి ఓడలెక్కి వచ్చిన పురుగు. ద్రాక్ష వేళ్ళలో చేరి రసం పీల్చేస్తుంది. ఆకు ఎందుకు ఎండుతోందో పైనుంచి చూసే రైతుకి అర్థం కాదు. తవ్వి చూసేసరికి వేరు కుళ్ళిపోయి ఉంటుంది.

ముందు ఫ్రాన్సు తోటల్ని తినేసింది. 1878లో మాలగా కొండల్లో బయటపడింది. అప్పట్లో స్పెయిన్‌లోకెల్లా పెద్ద ద్రాక్ష సీమల్లో మాలగా ఒకటి. కొన్నేళ్ళలోనే కొండలకి కొండలు బోడి అయిపోయాయి. ద్రాక్ష తప్ప మరో పంట ఎరుగని ఊళ్ళు ఖాళీ అయ్యాయి. జనం పొట్ట చేతబట్టుకుని వలసపోయారు.

మరి మందేమిటి? విషం ఎక్కణ్ణించి వచ్చిందో విరుగుడూ అక్కణ్ణించే వచ్చింది. అమెరికా ద్రాక్ష వేరుకి ఈ పురుగంటే లెక్కలేదు. అందుకని అమెరికా వేరు మీద తమ కొమ్మని అంటు కట్టారు. మన మామిడి అంటులాగే. ఇవాళ యూరప్‌లో ఏ తోటకెళ్ళినా దాదాపుగా కింద వేరు అమెరికాది, పైన పండు సొంతది. కానీ మాలగా కొండలు మాత్రం మళ్ళీ మునుపటిలా పచ్చబడలేదు. మిగిలిన కొద్ది తోటల పేరు కాపాడటానికి 1933లో చట్టం చేసి హద్దులు గీశారు. ఆ హద్దులు దాటిన సరుకుని 'మాలగా' అనకూడదు.

పురుగు వచ్చేనాటికి ఈ కొట్టు వయసు ముప్ఫై ఎనిమిదేళ్ళు. తనకి సరుకిచ్చే కొండలు ఎండిపోయినా నిలబడింది. ఆ తర్వాత స్పెయిన్‌లో వచ్చిన అంతర్యుద్ధాన్నీ, నియంత పాలననీ చూసింది. చేతులు మారింది. బల్ల మీద సుద్దముక్క మాత్రం ఉంది.

ఇంకో కొట్టు, ఇంకో లెక్క

ఇప్పుడు మా అమ్మ కథ.

మా నాన్న సినిమా హాల్లో ఆపరేటరు. నెల్లూరు జిల్లాలో చిన్న ఊరు. ఒక్కటే హాలు. కార్బన్ కడ్డీలు కాలుతుంటే ఆ కాబిన్‌లో వేసవిలో కోడిగుడ్డు పెడితే ఉడికేది. రెండో ఆట వదిలాక నాన్న తిన్నగా ఇంటికొచ్చేవాడు కాదు. దారిలో సారా కొట్టు ఉండేది. 1953 నాటి 'దేవదాసు' మా ఊళ్ళో మళ్ళీ మళ్ళీ ఆడేది. "దేవదాసు ప్రేమ కోసం తాగాడు, నేను దేవదాసుని తిప్పీ తిప్పీ తాగుతున్నాను" అని జోకులు వేసేవాడట. జనం నవ్వేవాళ్ళు. అమ్మ నవ్వేది కాదు.

జీతం రోజు కొట్టు మనిషి హాలు గేటు దగ్గరే నిలబడేవాడు. పాత బాకీ అని ఇంత, వడ్డీ అని ఇంత. నాన్నకి ఎంత తాగాడో గుర్తుండేది కాదు. అమ్మకి చదువు రాదు. పుస్తకం కొట్టువాడి దగ్గరుండేది. వాడు ఎంతంటే అంత!

1991, 92 ప్రాంతంలో మా జిల్లాలో రాత్రిబళ్ళు పెట్టారు. అక్షరాస్యత ఉద్యమం. మా అమ్మ కూడా పలకా బలపం పట్టుకుని కూర్చుంది. ముందు సంతకం. తర్వాత అంకెలు. ఆ రోజుల్లోనే దూబగుంటలో రోశమ్మా, ఆ ఊరి ఆడవాళ్ళూ సారా కొట్టు మూయించారన్న వార్త ఊరూరా పాకింది. 1992 నాటి మాట అది. చరిత్ర పుస్తకాల్లో సారా వ్యతిరేక ఉద్యమం అని రాసేది దాన్నే.

మా ఊళ్ళోనూ ఒక రోజు ఆడవాళ్ళంతా కొట్టు ముందు కూర్చున్నారు. నాకప్పుడు ఐదేళ్ళు. అమ్మ కొంగు పట్టుకుని నేనూ ఉన్నాను. అరుపులు, తోపులాట... అవేం నాకు సరిగ్గా గుర్తు లేవు. ఒక్కటే గుర్తుంది. అమ్మ లేచి నిలబడి, "మా ఆయన లెక్క చూపించు" అంది.

కొట్టువాడు నవ్వాడు. "చూపిస్తే చదువుతావేంటి?" అన్నాడు.

చదివింది!

వేలు పెట్టి, ఒక్కో అంకె కూడబలుక్కుంటూ, పైకి, అందరికీ వినబడేటట్టు చదివింది. నాన్న జ్వరంతో పది రోజులు మంచం దిగని నెలలో కూడా రోజుకి ఇన్ని ప్యాకెట్లని రాసి ఉంది. ఆ పది రోజులూ ఒకదాని తర్వాత ఒకటి చదివింది. ఆ తర్వాత ఆ కొట్టువాడు నవ్వటం మేమెవరం చూడలేదు.

1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో పూర్తి మద్యనిషేధం కూడా వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ రాజకీయాలన్నీ మీకు తెలిసినవే. నాన్న మాత్రం పూర్తిగా మానలేదు. కొట్టు లేకపోతే ఇంకో దారి వెతుక్కున్నాడు. 2004లో పోయాడు. ఈ ముక్క దాచి, అమ్మ గెలిచింది అని రాస్తే కథకి మంచి క్లైమాక్సే. కానీ నిజం కాదు.

నేను హైదరాబాదు బయల్దేరిన రోజున అమ్మ తాగొద్దని ఒట్టు వేయించుకోలేదు. "ఒట్లు మీ నాన్న చాలా వేశాడు" అంది. "ఎప్పుడైనా తాగితే లెక్క నాకు చెప్పు. దాచావో, ఇంటికి రాకు" అంది. అంతే.

ఒకటి

అందుకే మాలగాలో ఆ సుద్దముక్కని చూసి అలా నిలబడిపోయాను. తాగేవాడి కళ్ళ ముందు, అమ్మేవాడి కళ్ళ ముందు, పక్కవాడి కళ్ళ ముందు... అందరికీ కనబడే చోట లెక్క! పుస్తకంలో దాగదు. వడ్డీ పుట్టదు. జ్వరం రోజుల్లో పెరగదు. బజారు సంచీ ముసలాయన ముందు ఒక అంకె పడింది. ఆయన తాగాడు, కట్టాడు, తుడిచారు, వెళ్ళిపోయాడు. పావుగంట పట్టలేదు.

ఇది చూసి ఆ దేశంలో తాగుడు వల్ల ఇళ్ళు చెడవని నేను అనను. మనిషి ఎక్కడైనా మనిషే. సుద్దముక్క వ్యసనాన్ని ఆపదు. కానీ లెక్క ఎవరి చేతిలో ఉండాలన్నది చిన్న విషయం కాదు. మా అమ్మ అది తెలుసుకోవడానికి ముప్ఫై ఏళ్ళ వయసులో పలక పట్టింది.

"లాగ్రిమా... ఒకటి" అన్నాను.

కుర్రాడు ఆశ్చర్యంగా చూశాడు. "తాగనన్నావు కదన్నా!"

"ఒకటే. లెక్క చెప్పాల్సిన చోట చెబుతాలే."

చిన్న గ్లాసు వచ్చింది. ముదురు గోధుమ రంగు, పాత ఫొటోల రంగు. ముందు వాసన. ఎండు ద్రాక్ష, కాస్త కాచిన బెల్లం, ఎక్కడో నారింజ తొక్క. తర్వాత ఒక గుక్క. చిక్కటి తీపి, దాని వెనకే గొంతులో సన్నటి వేడి. బాగుంది. అబద్ధం ఎందుకు? చాలా బాగుంది. బాగుందనే కాస్త భయం కూడా వేసింది. నాన్నకి సారా ప్యాకెట్టులో ఇంత రుచి ఎప్పుడూ దొరికి ఉండదు. పాపం, ఆయన రుచి కోసం తాగలేదు.

గ్లాసు ఖాళీ అయింది. పెద్దమనిషి కనుబొమలు ఎగరేశాడు... ఇంకోటా అన్నట్టు. తల అడ్డంగా ఊపాను. డబ్బులిచ్చాను. ఒక పెద్ద సినిమా హాల్లో పాప్‌కార్న్‌కి మనం పెట్టే డబ్బులో సగం కూడా కాదు.

తడిగుడ్డ వచ్చింది. తుడిచేలోగా ఆ అంకె వైపు ఒకసారి చూసుకున్నాను. నా జన్మలో ఒక పానశాలలో నా పేర పడ్డ మొదటి లెక్క. ఒక్క తుడుపుతో పోయింది. తడి ఆరిపోయేలోపలే ఆ ఫెస్టివల్ అమ్మాయిలు ఆ చోటికి జరిగారు.

అమ్మకి ముట్టిన వాటా

కొట్టుకి నాలుగడుగుల దూరంలో అతరసానాస్ బజారు ఉంది. 19వ శతాబ్దపు ఇనుప కట్టడం. గుమ్మం మాత్రం అంతకు ఐదొందల ఏళ్ళ ముందు అరబ్బుల కాలంలో కట్టింది. ఒకప్పుడు ఓడలు కట్టిన చోటట. సినిమా సెట్టు వేసేవాళ్ళు ఒకసారి చూసి రావాల్సిన గుమ్మం! లోపల ఒక కొట్టులో మోస్కతెల్ ఎండు ద్రాక్ష రాశులు పోసి ఉన్నాయి. లావుగా, నల్లగా, ముడతలు పడి. పీపాలోకి పోకుండా ఎండ దగ్గరే ఆగిపోయిన పళ్ళు. అరకిలో కట్టించుకున్నాను.

ఊరికి వెళ్ళాక అమ్మ ముందు పొట్లం విప్పాను. ఒకటి నోట్లో వేసుకుని, "ఏంట్రా, గింజలున్నాయి?" అంది.

"అవి అంతేనమ్మా. ఆ పళ్ళతోనే అక్కడ తీపి సారా చేస్తారు."

నా మొహంలోకి చూసింది.

"లెక్క?"

"ఒకటి."

"ఎవరు రాశారు?"

"కొట్టాయన. నా ముందే, బల్ల మీద, సుద్దముక్కతో. కట్టగానే చెరిపేశాడు."

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. గింజ అరచేతిలోకి ఊసి, ఇంకో పండు తీసుకుంది.

"చెరిపేశాడా" అంది. "మంచి కొట్టే."

ఆ తర్వాత పొట్లం మళ్ళీ కట్టేసి, మిగతావి పాయసంలోకి పనికొస్తాయని లోపల దాచింది.